ఇంకొక మందు ఎక్కించాలా?

ఏటా 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకొని శెనక్కాయ విత్తే అనంతపురం రైతుకు అప్పు కొత్త కాదు. అటువంటి ఇంటి తల్లి ఐ.సి.యు.లో ఉన్నప్పుడు, "ఇంకొక మందు ఉంది, ఖరీదైనది, పని చేస్తుందని చెప్పలేం" అని డాక్టరుగారు అంటే మీరేమంటారు? పొలం అమ్ముతారా?

కాలి పుండో, మూత్రంలో చేరిన క్రిములో ఒళ్లంతా అతలాకుతలం చేస్తే రక్తనాళాలు సడలి రక్తపోటు పడిపోతుంది. ఇది సెప్టిక్ షాక్. గంటలోపే యాంటీబయాటిక్ ఇవ్వాలి. సెలైన్‌తో పాటు నార్ అడ్రినలిన్ ఎక్కించి సగటు రక్తపోటును 65 వద్ద నిలబెట్టాలి. లొంగకపోతే వాసోప్రెసిన్, ఆపైన అడ్రినలిన్, రోజుకు 200 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్. ఈ చివరిది పాత మందే, చవకైనదే.

ఆ తరువాత దారి సన్నబడుతుంది. యాంజియోటెన్సిన్ మందు రక్తపోటును పెంచుతుందని 2017లో తేలింది గాని, ప్రాణాలు నిలుపుతుందని రుజువు కాలేదు. ఎంతో ఆశ పెట్టుకున్న విటమిన్ సి వల్ల మేలు కాకపోగా కీడే జరిగినట్లు 2022 నాటి పరిశోధనలో కనబడింది. కాబట్టి "ఏదో ఒకటి చేయండి సార్" అనడం ప్రతిసారీ ప్రేమ కాదు. ఊళ్లో మాట పడతామనే భయం కూడా అందులో కొంత ఉంటుంది!

డబ్బు లెక్క చూడడం పాపమా? 1957 నవంబరు 24న మత్తుమందు డాక్టర్లతో మాట్లాడుతూ పన్నెండవ పయస్ పాపుగారు, మామూలు వైద్యం చేయించడం బాధ్యత అన్నారు. రోగికిగాని ఇతరులకుగాని మోయలేని భారమయ్యేది మామూలు వైద్యం కాదన్నారు. "ఇతరులకు" అన్న మాట గమనించండి. బిడ్డల నోటికాడి కూడు కూడా ఆ లెక్కలోకి వస్తుంది.

అయితే ఈ మాట చాటున దాక్కోకూడదు. మొదటి గంట యాంటీబయాటిక్ మామూలు వైద్యమే. చలిజ్వరంతో మగతగా మాట్లాడుతున్న ముసలమ్మను "రేపు చూద్దాం" అని మంచాన ఉంచేవారికి ఏ మినహాయింపూ లేదు. ఒకప్పటి జెస్విట్ గురువు విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన సంస్థ, బత్తలపల్లిలో పేదల కోసమే ఆసుపత్రి నడుపుతోంది. అక్కడికైనా, మరెక్కడికైనా వేళకు చేర్చడమే పెద్ద వైద్యం.

ఫలితమివ్వని మందు ఆపితే చంపినట్లు కాదు. గౌరవంగా మరణించే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది, ముందుగా రాసిపెట్టుకునే వీలు కల్పించింది, 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. కాగితం సంగతి అటుంచి, అమ్మ నోరు పెగిలే రోజుల్లోనే ఆమె మనసు అడగండి. మందు ఆగినా నోరు తడపడం, నొప్పి తగ్గించడం, ప్రక్కకు తిప్పి పడుకోబెట్టడం ఆగవు. అవస్థ అభ్యంగనానికి గురువుగారిని ఆమెకు స్పృహ ఉండగానే పిలవండి.