సేవకు నియమమేల?

ఢిల్లీ మహానగరమునకు నైరృతి దిక్కున ద్వారక యను ఉపనగరము కలదు. ఎత్తైన భవనముల వరుసలు, మెట్రో రైలు, న్యాయస్థానములు, జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము అచ్చట నున్నవి. అయినను ఆ పేరు వినగానే తెలుగువాని మనస్సు పశ్చిమ సముద్రతీరమందలి శ్రీకృష్ణుని ద్వారకకు, చినిగిన బట్టతో అచ్చటికి నడచివచ్చిన కుచేలుని వద్దకు పోవును. ఆ కథలో కృష్ణుడు చేసిన సహాయముకంటె చేసిన తీరు గొప్పది. మిత్రుని పాదములు కడిగెను, అతడు సిగ్గుతో దాచిన అటుకులను ప్రీతితో ఆరగించెను, పేదరికమును ఎత్తిచూపలేదు, ఇచ్చినదానిని చాటుకొనలేదు. ఇల్లు చేరిన పిమ్మటనే కుచేలునకు తనకు కలిగినదేమో తెలిసినది.

నేడు దీనులు ఆశ్రయించువారందరును కృష్ణులు కారు. సాంఘిక సేవ ఇప్పుడొక విద్య, ఒక వృత్తి. 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేర ఆ విద్యకు మన దేశమున తొలి పాఠశాల వెలసినది. కాని న్యాయవాదులకు 1961 నాటి చట్టము క్రింద బార్ కౌన్సిల్ ఉన్నట్లు, సాంఘిక కార్యకర్తలందరికిని వర్తించు శాసనబద్ధమైన జాతీయ మండలి ఏర్పడలేదు. 1992 నాటి పునరావాస మండలి చట్టము, 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టము కొన్ని శాఖలవారిని మాత్రమే తమ పరిధిలోనికి తెచ్చినవి. 1997లో ఆ విద్య బోధించువారు ఒక నీతి ప్రకటనను వెలువరించిరి. దానిని మీరినవాని పేరు కొట్టివేయుటకు పట్టికయే లేదు.

"సేవ హృదయమునకు సంబంధించినది, దానికి చట్టమేల?" అని భక్తులే ప్రశ్నింతురు. ఇల్లు విడిచిన బాలుడొకడు రైలు స్టేషనులో కనబడెననుకొందము. జాలిగుండె గల యొకడు వానిని ఆ రాత్రియే తండ్రికి అప్పగించును. వాడు పారిపోయినది ఆ తండ్రి దెబ్బలకేమో యని విచారింపడు. చదువుకొన్న మరియొకడు, ఒక స్త్రీ తన్ను నమ్మి చెప్పుకొన్న కాపురపు కష్టమును, పేరు మార్చి, దాతల సభలో వినిపించును. వీధి, బిడ్డల సంఖ్య వినిన పొరుగువారు ఆమెను గుర్తింపకపోరు. మొదటివానికి శిక్షణ లేదు. రెండవవానికి కట్టుబాటు లేదు. సద్భావము ఇద్దరికిని కలదు. గాయపడినవారికి మాత్రము మొరపెట్టుకొనుటకు చోటు లేదు.

నియమము కరుణకు శత్రువు కాదు. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల వేళ, ఖద్దరు ప్రదర్శన ద్వారమున నిలిచిన ఒక బాలిక, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను లోనికి పోనీయలేదు. నిర్వాహకులు మందలించినను చలింపక, వారు టిక్కెట్టు కొనిన పిమ్మటనే దారి యిచ్చెను. ఆమెయే తరువాత ఆంధ్ర మహిళాసభను స్థాపించి, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డునకు తొలి అధ్యక్షురాలైన దుర్గాబాయి దేశ్‌ముఖ్.

జీవుని శివుడని సేవింపుమని శ్రీరామకృష్ణులు బోధించిరి. శివపూజకు విధి కలదు గదా! భక్తి యున్నది గనుక శుచి యక్కరలేదని ఏ యర్చకుడును గర్భాలయము ప్రవేశింపడు. దుఃఖితుని హృదయమును గర్భాలయమే. ఒక పనికై వచ్చిన ధనమును మరియొక పనికి వాడరాదని, లెక్కలు సరిగా ఉంచవలెనని స్వామి వివేకానందులు తమ సోదర సన్న్యాసులను హెచ్చరించిరి. వారు 1897లో నెలకొల్పిన రామకృష్ణ మిషన్ 1909లో సొసైటీల చట్టము క్రింద నమోదయినది. సర్వము త్యజించినవారే లెక్క చూపుటకు అంగీకరించినప్పుడు, సేవ పేర జీతము గొనువారు వలదనుట యెట్లు? దాహమిచ్చు పొరుగువానికి అనుమతిపత్రము అక్కరలేదు. పరుల రహస్యములను వృత్తిరీత్యా వినువానికి అక్కర కలదు.

అయితే మండలి యొకటి వచ్చినను, అది అయోగ్యుని తొలగింపగలదే కాని ప్రేమను పుట్టింపలేదు. నమోదుపత్రము గోడకు వ్రేలాడుచుండగనే ఎదుటివాని కన్నీరు కనబడకపోవచ్చును. కావున చట్టము వచ్చినను రాకున్నను, సేవకుడు ప్రతి సాయంకాలము తన్ను తాను ప్రశ్నించుకొనవలెను: "నేడు నాయొద్దకు వచ్చినవాడు తలయెత్తుకొని వెళ్ళెనా?" కుచేలుడు ద్వారకకు సిగ్గుతోనే వచ్చెను; ఆ సిగ్గును వెంట తీసికొని పోలేదు.