ఒంటి గింజ

చదరంగం గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అంటూ రెట్టిస్తూ గింజలు పోస్తే అరవై నాలుగు గళ్లకూ కలిపి ఎన్నవుతాయో మా తాతయ్య పద్యంలో చెప్పేవాడు. మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతూ చెప్పేవాడు. పద్యం పావులూరి మల్లనది. మా ఇంకొల్లు దగ్గరి పావులూరు పేరే ఆయన ఇంటిపేరు. 11వ శతాబ్దంలో మహావీరాచార్యుల గణితాన్ని తెనిగించాడు. ఆ పద్యంలో చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, బాణాలంటే ఐదు. కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోతే 1,84,46,74,40,73,70,95,51,615.

నన్ను తొలిచేది ఆ చివరి ఐదు. అన్ని గింజలు ఏ కల్లమూ పట్టదు, ఎవరి ఆయుష్షూ ఎంచడానికి చాలదు. ఒకటి జారిపడితే ఎవరికి తెలుస్తుంది? ఎవరూ ఎంచని రాశికి చివరి అంకె ఉంటుందా?

అంత లెక్కలో ఒకటి ఒక లెక్కా అంటారు. ఈ మాట నేను మొదట విన్నది గుంటూరు మిర్చి యార్డులో. నాకప్పుడు పదేళ్లు. నాయనతో మిర్చి టిక్కీల (బస్తాల) మీద కూర్చుని లారీలో వెళ్లాను. కొనేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, మచ్చుకని గుప్పెడు తీసి, తుంచి, వాసన చూసి కింద పారేశారు. నాయన వంగి ఒక్కో కాయా ఏరుతున్నాడు. "ఇంత సరుకు తెచ్చి నాలుగు కాయలకు వంగుతావేందయ్యా?" అన్నాడొకాయన. నాయన పలకలేదు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పుడు బాధేస్తుంది.

మల్లన సంఖ్యను 3, 5, 17, 257, 641, 65537, 6700417 నిశ్శేషంగా భాగిస్తాయి. ఈ ఏడింటి లబ్ధమే అది. వీటిలో 641ని గణితవేత్త ఆయిలర్ 1732లో పట్టుకున్నాడు. అప్పటికే ఆరేడు వందల ఏళ్లుగా అది మన పద్యంలో ఎవరికీ తెలియకుండా ఉంది. ఇప్పుడు ఒక్క గింజ కలపండి. ఏడూ పోతాయి, రెండు తప్ప మరే ప్రధాన సంఖ్యా దాన్ని భాగించదు. పోనీ, ఒక్క గింజ తీయండి. అప్పుడూ ఆ ఏడింటిలో ఒక్కటీ నిలవదు. ఒకటి ఒక లెక్కే!

కానీ ఇది సంఖ్యకు నిజం, రాశికి కాదు. నాలుగు కాయలు పోయినా మిరప రాశి రాశే. ఎండకే దాని తూకం అంతకన్నా తగ్గుతుంది. ఆ సంగతి నాయనకు తెలియదా? లెక్క కోసమే వంగాడని నేననలేను. నా వాదం ఇక్కడ ఆగిపోతుంది.

అయితే చేలో టిక్కీలు కాయవు. కోతలో చేతికి వచ్చేది ఒక్కో కాయే. మల్లన లెక్కలోనూ అంతే. రెండో గడి నుంచి చివరిదాకా అన్నీ సరిసంఖ్యలు. అంత మొత్తమూ బేసిగా తేలి ఐదుతో ముగిసిందంటే, మొదటి గడిలో ఎవరో పెట్టిన ఒంటి గింజ వల్ల. అది చివరిదాకా ఎక్కడా కలిసిపోలేదు.