యోనా కోపం

దేవుడు ఎలాంటివాడో తెలియడానికి లేఖనం చదివితే చాలదా, ప్రార్థన ఎందుకని కొందరు అడుగుతారు. యోనా గ్రంథం 4వ అధ్యాయం చూడండి. దేవుడు కనికరం గలవాడని, త్వరగా కోపగించుకోడని నిర్గమకాండం 34వ అధ్యాయంలో ఉన్న సంగతి ప్రవక్త యోనాకు బాగా తెలుసు. దాన్నే ఫిర్యాదుగా మార్చి దేవుడి ముందు పెట్టాడు: నీనెవె పట్టణాన్ని క్షమిస్తావని తెలిసే నేను పారిపోయాను అని. అంటే వాక్యం నోటికి వచ్చింది, మనసుకు ఇంకా ఎక్కలేదు. అయినా ఆ కోపాన్ని దాచుకోకుండా ప్రార్థనలోకే తెచ్చాడు. నాకు అక్కడే అతను ఎంతో దగ్గరివాడిగా అనిపిస్తాడు.

ప్రార్థనంటే మన మనసు మనకే జవాబు చెప్పుకోవడం కదా అనే సందేహం తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. కానీ యోనా విన్నది తన కోరికకు ప్రతిధ్వని కాదు. అతనికి ఎండకు నీడనిచ్చిన సొరచెట్టు, మర్నాడు తెల్లవారేసరికి పురుగు తొలిచి వాడిపోయింది. దానికోసం అంత బాధపడ్డావే, కుడి ఎడమలు తెలియని 1,20,000 మందికి పైగా మనుషులున్న ఊరి మీద, అక్కడి పశువుల మీద నాకు జాలి ఉండదా అని దేవుడు అడిగాడు. యోనా ఏం జవాబిచ్చాడో గ్రంథం చెప్పదు. ఆ ప్రశ్నతోనే ముగుస్తుంది.