నొప్పి లేనప్పటి అవసరం

జబ్బుపడ్డ స్త్రీ వైద్యుల ముందు పర్దా తీయడాన్ని ఇస్లాం గానీ హిందూ ఆచారం గానీ తప్పుపట్టవు. చిక్కంతా ఏ బాధా లేని స్త్రీ పరీక్షకు వెళ్లడంలో ఉంది. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ పరీక్ష అటువంటిదే. 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకోసారి, బాగున్నప్పుడే చేయాలని 2016 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతాయి. ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ సోకాక అది క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా 15-20 ఏళ్లు పడుతుంది. చాలాకాలం ఒంట్లో నలత తెలియదు. మరి నొప్పి లేనిచోట సిగ్గును పక్కన పెట్టమనడం దేనికి?

హైదరాబాద్‌లో పురానాపూల్‌కూ గోల్కొండకూ నడుమ, ఒకప్పటి వజ్రాల వర్తకుల విడిది అయిన కార్వాన్‌లో 1671 నాటి టోలీ మసీదు ఉంది, దర్బార్ మైసమ్మ గుడీ ఉంది. ఈ ప్రశ్న రెండు వైపుల ఇళ్లదీ.

ఇస్లామిక్ ధర్మశాస్త్రమైన ఫిఖ్‌లో ప్రాణావసరం (జరూరత్) నిషేధాన్ని సడలిస్తుంది, అయితే అవసరమున్న మేరకే. 1993లో బ్రూనైలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ స్త్రీని ఎవరు పరీక్షించాలన్నదానికి ఒక వరుస పెట్టింది: ముందు ముస్లిం వైద్యురాలు, ఆమె లేకపోతే నమ్మకమైన ముస్లిమేతర వైద్యురాలు, ఆ తర్వాతే పురుషుడు. పురుషుడు పరీక్షిస్తే భర్తో, దగ్గరి బంధువో, నమ్మకమైన స్త్రీయో దగ్గర ఉండాలి. తోడు ఉండమన్న ఈ షరతు ఏకాంతాన్ని నివారించడానికే. ఇళ్లలో అది అత్త అనుమతిగానో భర్త అనుమతిగానో మారిపోవడం ధర్మశాస్త్రం పని కాదు, పెత్తనం పని.

రోగం లేనప్పుడు ప్రాణావసరం ఎక్కడిదన్న ఆక్షేపణకు జవాబూ ఆ శాస్త్రంలోనే ఉంది. ప్రాణం మీదికి రాకున్నా, తీర్చకపోతే మనిషి ఇబ్బందుల్లో పడే స్థితిని ఫిఖ్ 'హాజత్'గా గుర్తిస్తుంది, కొన్ని సందర్భాల్లో దాన్ని జరూరత్‌తో సమానంగా చూస్తుంది. వైద్య గ్రంథాలు ఇంకా సూటిగా మాట్లాడాయి. ఉన్న ఆరోగ్యాన్ని కాపాడటాన్ని ఇబ్న్ సీనా వైద్య నిర్వచనంలోనే చేర్చాడు. చార్మినార్ పక్కనున్న యునానీ ఆసుపత్రిది ఆ సంప్రదాయమే. స్వస్థుని స్వాస్థ్యరక్షణను చరక సంహిత రోగం కుదర్చడం కంటే ముందు పెట్టింది. స్త్రీ జననాంగ రోగాలను ఇరవైగా లెక్కగట్టి చర్చించింది కూడా. గర్భసంచి మాట ఎత్తడమే తప్పన్న భావన ఈ గ్రంథాల నుంచి వచ్చింది కాదు.

హిందూ ఇళ్లలో అడ్డు మరో రూపంలో ఉంటుంది. ముట్టు, పురుడు మైల. అయితే మైలకు గడువుంది, స్నానంతో తీరుతుంది. అది పూజకూ వంటింటికీ పెట్టిన హద్దే తప్ప వైద్యానికి పెట్టింది కాదు. పైగా ముఖద్వార పరీక్ష నెలసరి రోజుల్లో మామూలుగా చేయరు. మిగిలేది మౌనం: తెల్లబట్ట అవుతోందని అక్కకో అమ్మకో చెప్పుకుని ఊరుకోవడం. నమాజు కోసం రోజులు లెక్కపెట్టుకునే ముస్లిం స్త్రీకి ఒక అనుకూలత ఉంది. ఫిఖ్‌లోని హనఫీ సంప్రదాయం నెలసరికి 3 నుంచి 10 రోజులు హద్దు పెట్టి, ఆ హద్దు దాటిన రక్తస్రావాన్ని 'ఇస్తిహాజా'గా వేరు చేస్తుంది. డాక్టర్ మొదట అడిగేదీ ఆ లెక్కే.

ఇందులో ఒక వింత ఉంది. పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రిలో కాన్పుకు చేర్చేటప్పుడు ఎవరూ పర్దా చర్చ లేవదీయరు. బిడ్డ కోసమైతే ఒప్పుకున్నది ఆమె కోసం ఒప్పుకోరు. ఏళ్ల తరబడి చూపించుకోని బాధ ముదిరి, చివరికి గర్భసంచే తీయించుకోవడం తెలుగు రాష్ట్రాల్లో అరుదు కాదు.

పెళ్లికాని ఆడపిల్లల విషయంలో భయం అనవసరం. శారీరక సంబంధం లేనివారికి సాధారణంగా లోపలి పరీక్ష చేయరు, పొట్ట మీద స్కానింగ్‌తో సరిపెడతారు. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ప్రభుత్వ కార్యక్రమం 'ఆరోగ్య మహిళ' మంగళవారాల్లో స్త్రీలకే కేటాయించిన సేవ గనుక ఫిఖ్ చెప్పిన వరుసకూ అది దగ్గరే.

మరో మార్పు ఈ వాదాన్నే తిరగరాస్తోంది. హెచ్‌పీవీ పరీక్షకు స్త్రీ తన నమూనాను తానే తీసుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు అంగీకరించాయి. అవసరమున్న మేరకే అన్న సూత్రం ప్రకారం, ఆ వీలున్నచోట తొలి పరీక్షకు మరొకరి ముందు పర్దా తీయవలసిన పనే లేదు. వైరస్ కనిపిస్తే మాత్రం ఆ తర్వాత డాక్టర్ చేసే పరీక్ష జరూరత్‌కు మరింత దగ్గరవుతుంది.