వ్యక్తిపూజ అనే మాట: నిరంకుశ హింసలో బాధ్యత ఎవరిది?

1956 ఫిబ్రవరి 25న సోవియట్ కమ్యూనిస్టు పార్టీ 20వ మహాసభ రహస్య సమావేశంలో నికితా క్రుశ్చేవ్ చేసిన ప్రసంగం స్టాలిన్ కాలపు ఘోరాలకు ఒక పేరు పెట్టింది. తెలుగు రాజకీయ పరిభాషలో ఆ పేరు ‘వ్యక్తిపూజ’గా స్థిరపడింది. ఈ అనువాదం మూలంలోని ఒక లోపాన్ని అనుకోకుండానే బయటపెడుతుంది. పూజ అనగానే పూజ్యుడు, పూజకుడు, స్తోత్రం, విగ్రహం స్ఫురిస్తాయి, హతుడు స్ఫురించడు. నేరం అతిస్తుతికి సంబంధించినదన్నట్టు, స్తుతి ఆగితే నేరమూ ఆగినట్టేనన్నట్టు ధ్వనిస్తుంది.

ప్రసంగంలోని లెక్కలూ ఈ ధ్వనికి అనుగుణంగానే ఉన్నాయి. 17వ మహాసభ ఎన్నుకున్న 139 మంది కేంద్రసంఘ సభ్యులలో, అభ్యర్థి సభ్యులలో 98 మంది కాల్చివేతకు గురయ్యారని క్రుశ్చేవ్ చెప్పాడు. 1932–33 కరవులో మరణించిన లక్షలాది రైతుల ప్రస్తావన మాత్రం అందులో లేదు. పార్టీ తన బిడ్డల కోసం దుఃఖించింది. మిగిలినవారు ఆ దుఃఖం పరిధిలోకి రాలేదు.

1937 జూలై 30 నాటి 00447వ నంబరు ఉత్తర్వును చదివితే ‘పూజ’ అనే వివరణ ఎంత పలుచనిదో తెలుస్తుంది. ప్రాంతాలవారీగా ఎందరిని కాల్చాలో, ఎందరిని శిబిరాలకు పంపాలో అది ముందే నిర్ణయించింది. మొదటి వర్గానికి, అంటే కాల్చివేతకు, కేటాయించిన సంఖ్య 75,950. స్థానిక అధికారులు పరిమితి పెంచమని కోరారు, మాస్కో పెంచింది. 1937–38లలో మరణశిక్ష అమలైనవారు 6,81,692 మందని సోవియట్ భద్రతాశాఖ దస్త్రాలే చెబుతున్నాయి. అదనపు కోటా కోరిన అధికారిని భక్తుడు అనడం కష్టం. 1937లో మాస్కో పార్టీకి నాయకత్వం వహించినవాడు క్రుశ్చేవే అన్న సంగతినీ ఇక్కడ విస్మరించరాదు.

అలాగని వ్యక్తిని వ్యవస్థలో కరిగించివేయడం మరొక తప్పించుకోలు అవుతుంది. సుమారు 44,000 పేర్లున్న 383 జాబితాలు స్టాలిన్ తదితర నాయకుల ఆమోదానికి వెళ్లాయి. వాటిపై సంతకాలు చేసింది చారిత్రక శక్తులు కావు. ఆ చేయి యౌవనంలో జార్జియన్ భాషలో కవిత్వం రాసింది. 1895లో ‘ఇవేరియా’ పత్రిక ఆ కవితలను ప్రచురించింది. 1934లో మాందెల్‌స్టామ్ అరెస్టయినప్పుడు స్టాలిన్ పాస్తెర్నాక్‌కు ఫోన్ చేసి, అతడు నిజంగా గొప్ప కవేనా అని ఆరా తీశాడు. కవి విలువ తెలియక కాదు, తెలిసే. మాందెల్‌స్టామ్ 1938 డిసెంబరులో వ్లాదివొస్తోక్ సమీపంలోని తాత్కాలిక శిబిరంలో మరణించాడు. కావ్యాభిరుచి హృదయాన్ని సంస్కరిస్తుందని నమ్మే సాహిత్య విద్యార్థికి ఇది ఇబ్బందికరమైన ఉదాహరణ. రసజ్ఞత, కరుణ ఒకచోట ఉండవచ్చు, ఉండకపోవచ్చు.

క్రుశ్చేవ్ నిర్ధారణకు అసలు పరీక్ష కంబోడియా. 1975లో అధికారానికి వచ్చిన పోల్‌పాట్‌కు ఊరూరా విగ్రహాలు లేవు, స్తోత్రాలు లేవు. ప్రజలకు వినిపించిన పేరు ‘అంగ్‌కార్’, అంటే సంస్థ. దాని వెనుక కమ్యూనిస్టు పార్టీ ఉందన్న సంగతిని 1977 సెప్టెంబరు వరకు బహిరంగంగా ప్రకటించలేదు. పోల్‌పాట్ ఒకప్పుడు పాఠశాల ఉపాధ్యాయుడు. మృదుభాషిగా శిష్యులు అతడిని గుర్తుంచుకున్నారు. పూజ లేదు, ముఖమే సరిగా కనిపించలేదు. అయినా నాలుగేళ్లలోపే పదిహేను లక్షలకు పైగా ప్రజలు మరణించారు. వ్యక్తిపూజే హింసకు మూలమైతే ఈ మరణాలకు వివరణ ఉండదు. స్టాలిన్ వద్ద అతిగా కనిపించిన ముఖం, ఇక్కడ దాగిన ముఖం, రెండూ ఒకే పని చేశాయి: కింది అధికారికి ‘ఇది నా నిర్ణయం కాదు’ అనే వెసులుబాటునిచ్చాయి.

ఆ వెసులుబాటు ఎంత గట్టిదో నామ్‌పెన్‌లోని ఎస్-21 కారాగారాధిపతి డూచ్ విచారణలో కనిపిస్తుంది. గణితోపాధ్యాయుడైన అతడు ఒప్పుకోలు పత్రాలను పాఠశాల నోటుపుస్తకాలు దిద్దినట్టు దిద్దేవాడు. న్యాయస్థానంలో బాధ్యతను అంగీకరించాడు, బాధితులను క్షమాపణ కోరాడు. నెలల తరబడి సాగిన వాదనల తర్వాత, 2009 నవంబరులో, చివరి మాటగా తనను విడుదల చేయమని అడిగాడు.