అక్షయ తదియ - హరళయ్య యింటి పెండ్లి

వైశాఖ శుద్ధ తదియనాడు బజారునందు రెండు విధములైన సందడి కానవచ్చును. బంగారు దుకాణముల ముందు జనులు బారులు తీరి నిలుతురు. ఆనాడు కొనిన బంగారము తరుగదని వారి నమ్మకము. అదే వీధిని బసవేశ్వరుని చిత్రపటముతో, నందికోలతో ఊరేగింపు సాగిపోవును. తిథి యొక్కటే, ఒకరికది అక్షయ తృతీయ, మరియొకరికది బసవ జయంతి. లింగాయత గృహములందు ఈ రెండును కలసి జరుగుటయు కద్దు. ఉదయము మఠమునకు, సాయంకాలము దుకాణమునకు. ఇందు పెద్దగా తప్పు పట్టవలసినది లేదు గాని, ఆ దినము ఎవని కొరకు వచ్చినదో ఆ మహనీయుని మనస్సు దేనియందుండెనో ఒక్క క్షణము తలచుకొనుట యుచితము.

శరణులు తిథివార నక్షత్రములను లెక్కించినవారు కారు. శివుని తలచిన గడియయే వారికి మంచి గడియ. అట్టివారి సంతతికి జయంతులేల, వర్ధంతులేల యని యడుగువారు కలరు. ప్రశ్న సమంజసమైనదే. ముహూర్తము చూచువాడు తనకు కలుగబోవు ఫలమును కోరును. స్మరణదినము పాటించువాడు తాను పడియున్న ఋణమును తలచును. ఈ రెండింటిని ఒకటిగా భావించినప్పుడే చిక్కు వచ్చును.

బసవేశ్వరుడు నేటి విజయపుర జిల్లాలోని బాగేవాడి ప్రాంతమున జన్మించెను. జనన సంవత్సరమును సంప్రదాయము 1131గా చెప్పుచున్నది. పండితులలో భేదాభిప్రాయములు కలవు. జయంతిని మఠము గోడలు దాటించి సభలలోనికి, వీధులలోనికి తెచ్చిన పెద్ద హర్డేకర్ మంజప్ప. 1913లో దావణగెరె విరక్తమఠమున మృత్యుంజయ స్వామివారి తోడ్పాటుతో ఆయన ఈ పని ప్రారంభించెను. మహారాష్ట్రమున తిలక్ మహాశయుడు గణపతి ఉత్సవమును సార్వజనికము గావించిన తీరు ఆయన యెరుగనిది కాదు. అప్పటినుండి తేదీలు పెరుగుచు వచ్చినవి. 1967లో భారత తపాలా శాఖ బసవేశ్వరుని బిళ్ల వెలువరించెను. 2003లో పార్లమెంటు ఆవరణమున విగ్రహము నెలకొన్నది. 2015 నవంబరు 14న లండను నగరమున థేమ్సు నదీతీరమున మరియొక విగ్రహము ఆవిష్కృతమైనది. 2024లో కర్ణాటక ప్రభుత్వము ఆయనను సాంస్కృతిక నాయకునిగా ప్రకటించెను. ఇవన్నియు సంతోషింపదగినవే. శిలయు కంచును ఎవరిని ఏ ప్రశ్నయు అడుగవు గనుక వాటిని గౌరవించుట సులభము కూడ.

అడుగునది వేరొకటి కలదు. దానికి పంచాంగమున స్థానము దొరకలేదు. అది కల్యాణ నగరమున జరిగిన యొక పెండ్లి.

హరళయ్య చర్మకారుడు. ఆయన భార్య కల్యాణమ్మ. ఒకనాడు త్రోవలో బసవేశ్వరుడు ఎదురుపడగా హరళయ్య "శరణు" అని మ్రొక్కెను. బిజ్జలుని మహామంత్రి, భాండారమునకు అధిపతి, ఆగి "శరణు శరణార్థి" యని రెండుమారులు బదులు పలికెను. లోకములో ఎవరైనను ఇందుకు పొంగిపోయెదరు. హరళయ్య క్రుంగిపోయెను. తాను ఒక్కమారు మ్రొక్కగా అంతటివాడు రెండుమారులు మ్రొక్కెను, ఆ యధికమైన శరణు తనకు అప్పుగా మిగిలిపోయెను గదా యని ఇల్లు చేరి భార్యతో చెప్పుకొని దుఃఖించెను. ఆ దంపతులు తమ తొడల చర్మము నొలిచి, ఊనించి, చెప్పులు కుట్టి తెచ్చిరని పరంపర చెప్పుచున్నది. బసవేశ్వరుడు వానిని పాదములకు తొడుగలేదు. శిరస్సున నుంచుకొని, ఇవి శివునికే తగినవని మరల వారికే యిచ్చివేసెను. తిరిగివచ్చు దారిలో మధువరసు ఎదురయ్యెను. బ్రాహ్మణ వంశజుడు, రాజోద్యోగి. మంత్రి తొడుగనివి తాను తొడిగెదనని పట్టుబట్టి కాలు పెట్టగా దేహమంతయు మంటలెత్తెను. ఏ వైద్యమునకును లొంగని ఆ తాపము హరళయ్య తోళ్లు నానవేయు తొట్టి నీటితో చల్లారినది. అటుపిమ్మట మధువరసు శరణుడయ్యెను.

ఈ కథను అద్భుతముగా మాత్రమే విని లేచిపోవువారు ఆ తొట్టి నీటిని గమనింపరు. ఊరివారు దూరముగా తొలగిపోవు ఆ నీటియొద్దకే ఊరి పెద్ద వచ్చి చేయి చాపవలసి వచ్చెను. తరువాత జరిగిన వివాహమునకు బీజము అచ్చటనే పడినది.

హరళయ్య కుమారుడు శీలవంతుడు. మధువరసు కుమార్తె లావణ్య. ఇరువురి యెడదలపైనను ఇష్టలింగము కలదు. లింగము ధరించిన పిమ్మట పూర్వజాతి నశించినదని అనుభవ మంటపమున చెప్పబడినది నిజమైనచో, ఈ పెండ్లికి అడ్డేమి? శరణులు ఆ పెండ్లి జరిపించిరి. పూర్వాచారపరులు బిజ్జలుని యెదుట మొరపెట్టిరి. రాజాజ్ఞచే హరళయ్య మధువరసుల కన్నులు పెరికించి, ఏనుగు కాళ్లకు కట్టి వీధుల నీడ్పించిరని చెప్పుదురు. ఆ వెనుక బిజ్జలుని హత్య, శరణులపై దాడి, కల్యాణము చెల్లాచెదరగుట. చెన్నబసవేశ్వరాదులు వచనముల తాళపత్రములు మోసికొని ఉళవి దిక్కునకు సాగిపోయిరి. బసవేశ్వరుడు కూడలసంగమమున లింగైక్యము నొందెను. సంప్రదాయము ననుసరించి అది 1167.

తెలుగువారికి ఈ వృత్తాంతముతో గల బంధము పైపై బంధము కాదు. బసవేశ్వరుని చరిత్రను తొలుదొల్త ద్విపద కావ్యముగా రచించినవాడు పాల్కురికి సోమనాథుడు; భీమకవి 1369లో కన్నడమున బసవపురాణము వ్రాసినది సోమనాథుని ఆధారముగానే. అల్లయ్య మధువయ్యల కన్నులు తీయించిన బిజ్జలుని క్రౌర్యమును సోమనాథుడు చెప్పినాడు. పెండ్లి ముచ్చట విస్తరించి చెప్పినది తరువాతి కన్నడ గ్రంథములును జన పరంపరయును. కల్యాణము కూడ 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. ఆ యేటి పునర్విభజనతో అది కర్ణాటకమున చేరి బసవకల్యాణమైనది.

ఇంత నెత్తురు ఒక పెండ్లికై చిందినది. ఇక నేడు లింగాయత గృహమున పెండ్లిమాట వచ్చినపుడు జరుగునదేమి? వరుని చదువు, నడవడి విచారింతురు, అది ధర్మమే. ఆ పిమ్మట కంఠము తగ్గించి మరియొకటి అడుగుదురు: "ఏ శాఖవారు?" జంగమ శాఖయా, బలిజ శాఖయా, వేరొకటియా? వధూవరులిరువురి మెడలలోను లింగకాయ యున్నను ఈ ప్రశ్న ఆగదు. జవాబు నచ్చకున్నచో, జాతకము కుదరలేదని మర్యాదగా చెప్పి పంపుదురు. జాతకమును లెక్కింపని శరణుల సంతతికి జాతకమే ఆశ్రయమగుట విచిత్రము.

పెద్దలు చెప్పు సమాధానమును తేలికగా త్రోసివేయరాదు. ఇంటింటి ఆచారము వేరుగా నుండును, పిల్ల క్రొత్తయింట ఇమడలేదేమో, బంధువులు రాకపోకలు మానుదురేమో యని వారి భయము. అది బిడ్డపై ప్రేమచే పుట్టినదే. కాని పంచాచారములలో శివాచారమనునది ఒకటి కలదు. లింగధారులెల్లరును సమానులని యెంచి, వారితో కూడి భుజించుటకు, సంబంధము కలుపుకొనుటకు సంకోచింపకుండుట దాని అర్థమని దీక్షాకాలమున గురువులు బోధింతురు. పంక్తిభోజనమున ఈ యాచారము చాలవరకు నిలిచినది. పెండ్లిపందిటి గుమ్మము కడ ఆగిపోయినది. బంధువులు రాకపోవుదురను భయము మధువరసునకు లేకుండునా? ఆయన పోగొట్టుకొనినది బంధువుల రాకపోకలను మాత్రమే కాదు.

ఈ విషయమున మఠములు చేయదగినది కొంత కలదు. జయంతి సాయంకాలమున బసవేశ్వరుని బాల్యకథతో పాటు ఈ పెండ్లికథను సంపూర్ణముగా, పెండ్లీడు పిల్లలును వారి తలిదండ్రులును కూర్చుండగా చదివింపవచ్చును. శాఖాంతర వివాహము చేసికొన్న దంపతులను సభలో పిలిచి గురువులు ఆశీర్వదింపవచ్చును. దీనికి ధనము అక్కరలేదు.

తేదీని ఎట్లు పాటింపవచ్చునో చూపిన ఉదాహరణములు లేకపోలేదు. జూలై 2 ఫ. గు. హళకట్టిగారు 1880లో జన్మించిన దినము. విజాపురమున న్యాయవాదిగా నుండి, ఊరూర తిరిగి ఇండ్ల అటుకలపై చెదలు పట్టుచున్న తాళపత్రములను సేకరించి, 1923లో వచన శాస్త్ర సారమును అచ్చు వేయించెను. ముద్రణాలయమునకై ఉన్న ఇంటిని సైతము అమ్ముకొనెను. ఆ దినమును కర్ణాటకమున వచన సాహిత్య సంరక్షణ దినముగా పాటించుచున్నారు. బసవేశ్వరుడు లింగైక్యమొందినది శ్రావణ శుద్ధ పంచమినాడని సంప్రదాయము. లోకమునకు అది నాగపంచమి. కర్ణాటకమున కొన్ని యూళ్లలో ఆనాటి పాలను పుట్టలో పోయక, దానికి బసవ పంచమి యని పేరిడి, బడిపిల్లలను వరుసగా కూర్చుండబెట్టి లోటాలతో త్రాగించుచున్నారు. ఆ వరుసలో ఏ పిల్లవాని శాఖయు ఎవరును అడుగుట లేదు.