అరణ్యమని పేరు పెట్టుకున్న అడవి

వాక్యభాగం: మార్కు 6:30–34

ఫ్రాన్స్ దక్షిణాన సెవెన్ అనే కొండసీమ ఉంది. పేరు విని ఏడుకొండలనుకునేరు, ఆ సీమ పేరే అది. వేసవి సెలవులకు పిల్లలతో అక్కడికి వచ్చేవాళ్ళలో కొందరు గాడిదను అద్దెకు తీసుకుంటారు. సామానంతా దాని వీపున వేసి, ఊరి నుంచి ఊరికి అడవిదారిన నడుస్తారు. కాళ్ళు నొప్పులన్న చిన్నదాన్ని కాసేపు దానిమీదే కూర్చోబెడతారు. దారిపక్క గడ్డి నచ్చిందా, గాడిద ఆగిపోతుంది. తండ్రి తాడు పట్టి ఎంత లాగినా కదలదు. పిల్లలు విరగబడి నవ్వుతారు. తొందరపడి చేసేదేమీ లేదని ఆ తండ్రికి తెలిసొచ్చేసరికి రెండు రోజులు పడుతుంది. 1878లో స్కాట్లాండ్ రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ మోడెస్టీన్ అనే గాడిదతో ఈ కొండల్లో పన్నెండు రోజులు నడిచాడు. మొదట్లో దాన్ని కొట్టి నడిపించినవాడే, చివర్లో దాన్ని అమ్మేసి ఏడ్చాడు. ఆ దారికి ఇప్పుడు ఆయన పేరే ఉంది.

మన వాక్యభాగంలో శిష్యులు కూడా తిరిగి తిరిగి అలసిపోయి వచ్చారు. చేసినవీ బోధించినవీ ప్రభువుకు చెప్పుకుంటున్నారు. వచ్చేపోయే జనంతో అన్నం తినడానికైనా తీరిక లేదు. ఆయన వాళ్ళను ఏకాంతంగా ఒక చోటికి రమ్మన్నాడు. ఆ చోటుకు మన తెలుగు బైబిలులో వాడిన మాట అరణ్యం. ఈ మాటతో చిన్నప్పుడు నేను చాలా తికమకపడ్డాను. అరణ్యమంటే మనకు చెట్లే కదా! ఇశ్రాయేలీయులు నలభై ఏళ్ళు దట్టమైన అడవిలో తిరిగారనీ, మన్నా చెట్ల కింద రాలి ఉండేదనీ ఊహించుకునేవాణ్ణి. పెద్దయ్యాక సీనాయి ఫోటో చూస్తే అంతా రాయీ ఇసుకే. మోసపోయినట్టనిపించింది.

సెవెన్ కథ తెలిశాక మాత్రం నా తికమక మీద నాకే కాస్త ప్రేమ పుట్టింది. అక్కడి విశ్వాసులు చెట్లతో నిండిన తమ అడవికి కావాలనే ఎడారి అని పేరు పెట్టుకున్నారు. ఫ్రెంచిలో ఆ మాట దెజేర్. ఇశ్రాయేలీయుల నలభై ఏళ్ళను తలుచుకుని పెట్టుకున్న పేరది.

ఎందుకంటే, 1598లో ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీ ప్రొటెస్టెంట్లకు ఆరాధించుకునే హక్కునిస్తూ నాంత్ శాసనం ఇచ్చాడు. దాన్ని ఆయన మనవడు పద్నాలుగో లూయీ 1685లో రద్దు చేశాడు. మందిరాలు కూల్చేశారు. కాపరులు పదిహేను రోజుల్లో దేశం విడిచిపోవాలన్నారు, మామూలు జనం మాత్రం పోకూడదన్నారు. మరుసటి సంవత్సరం ఐదు నుంచి పదహారేళ్ళ లోపు పిల్లలను తల్లిదండ్రుల దగ్గర నుంచి తీసుకుపోయి కథోలికులుగా పెంచాలని ఇంకో ఆజ్ఞ వచ్చింది. ఇక మిగిలింది అడవి. రాత్రిపూట లోయల్లో, గుహల్లో, చెస్ట్‌నట్ చెట్ల కింద కలుసుకునేవారు. దొరికితే మగవాళ్ళకు ఓడల్లో తెడ్డు వేసే శిక్ష, ఆడవాళ్ళకు చెర, కాపరికి ఉరి. 1787లో ప్రభుత్వం కాస్త సడలే దాకా, అంటే వందేళ్ళకు పైగా, ఇదే పరిస్థితి.

ఆ కాలపు వస్తువులు మాస్ సూబేరాన్ అనే చిన్న పల్లెలో ఎడారి మ్యూజియంలో దాచారు. తర్వాత రాజు మీద తిరగబడ్డవాళ్ళ నాయకుడు రోలాఁ ఇల్లే అందులో ఒక భాగం. అక్కడ మడిచేస్తే ధాన్యపు పీపాలా కనిపించే ప్రసంగ వేదిక ఉంది. సైనికులు వస్తే అది రైతు ఇంటి సామాను, అంతే. నన్ను ఎక్కువసేపు ఆపేది మాత్రం కొప్పు బైబిలు. స్త్రీలు జుట్టు ముడిలో దాచుకునేంత చిన్న పుస్తకం అది. కొప్పున్నమ్మ ఏ ముడి వేసినా అందమే అంటాం గానీ, తలలో అంత బరువు మోసిన ముడి ఇంకోటి ఉండదు. ఆ తల్లి తన పిల్లకు ఒక ప్రార్థన నేర్పాలన్నా, పిల్ల వీధిలో నోరు జారుతుందేమోనని ఎంత ఆలోచించి ఉంటుందో!

ఆ అడవి వాళ్ళను దాచడమే కాదు, పోషించింది కూడా. చెస్ట్‌నట్‌ను అక్కడివాళ్ళు రొట్టె చెట్టు అంటారు. గోధుమ పండని ఆ వాలుల్లో దాని కాయలే తిండి. క్లేద్ అనే చిన్న రాతి గదిలో కింద నిప్పు రాజేసి, పైన చెక్కల అటక మీద కాయలు పరిచి, వారాల తరబడి పొగలో ఎండబెట్టేవారు. ఎండిన కాయలతో చలికాలమంతా జావ కాచుకునేవారు. ప్రభువు పిలిచిన అరణ్యంలోనూ ఆ సాయంత్రం రొట్టె దొరికింది కదా, అది మార్కు ఆ వెంటనే చెబుతాడు.

అయితే ఆ కొండల్లో మనవాళ్ళ చేతులన్నీ శుభ్రంగా ఉన్నాయని చెప్పలేను. 1702 జూలైలో ఒక గుంపు కీర్తనలు పాడుతూ పోన్-ద-మోన్‌వేర్ ఊళ్ళోకి వచ్చింది. అక్కడ బందీలను హింసిస్తున్న కథోలిక మతాధికారి ద్యు షేలా ఇంటిని ముట్టడించి బందీలను విడిపించింది, ఆయన్ను పొడిచి చంపింది. కీర్తన పాడిన నోళ్ళే అవి. దానితో మొదలైన కామిజార్ల, అంటే ఆ తిరుగుబాటుదారుల, యుద్ధంలో రాజు సైన్యం వందలాది పల్లెలను తగలబెట్టింది. ఇప్పుడు అదే ఊళ్ళో, వంతెన కింద టార్న్ నది రాళ్ళ మధ్య పిల్లలు ఈత కొడతారు. తల్లులు తువ్వాళ్ళు పట్టుకుని ఒడ్డున పిలుస్తుంటారు.

కత్తి పట్టని సాక్ష్యం సముద్రం దగ్గర్లోని ఎగ్-మోర్త్‌లో ఉంది. 1730లో పంతొమ్మిదేళ్ళ మరీ ద్యురాఁను అక్కడి బురుజులో పెట్టారు. కాపరి అయిన ఆమె అన్న పియేర్‌ను 1732లో ఉరితీశారు. విశ్వాసాన్ని వదులుకుంటానంటే ఆమెను విడిచేవారు. ఆమె అనలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ తర్వాత 1768లో బయటికి వచ్చింది. బురుజులోని రాతి మీద ఎదిరించు అన్న ఒక్క మాట చెక్కి ఉంది, ఆమె చెక్కిందే అంటారు.

శిష్యుల విశ్రాంతి ఎంతసేపు సాగిందో గమనించారా? ఆ ఏకాంత చోటికి పడవలో వెళ్ళి దిగేసరికే జనం అక్కడ ఉన్నారు. ప్రభువు విసుక్కోలేదు, కాపరి లేని గొర్రెల్లా ఉన్నారని జాలిపడ్డాడు. ఆ ఎడారి కాలంలో ఫ్రెంచి విశ్వాసుల్లో కొందరు ప్రభురాత్రి భోజనానికి వచ్చేటప్పుడు సీసపు బిళ్ళ ఒకటి చూపించేవారు. నమ్మకస్తులన్న గుర్తు అది. వాటిలో చాలా బిళ్ళల మీద ఉన్న బొమ్మ గొర్రెలకాపరిదే.

ఏటా సెప్టెంబరు మొదటి ఆదివారం మాస్ సూబేరాన్ చెట్ల కింద వేలమంది కూడతారు. ఇప్పుడు కాపలా పెట్టే పని లేదు. ప్రసంగం విని, బుట్టల్లో తెచ్చుకున్నది చెట్టు నీడన పిల్లలతో కలిసి తింటారు.

ఈసారి సెలవులకు పెట్టె సర్దేటప్పుడు బైబిలును బట్టల అడుగున కాకుండా పైనే పెట్టండి. చేరిన రోజు సాయంత్రం, అందరూ ఇంకా అలసటగా ఉండగానే, ఈ ఐదు వచనాలు ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళ చేత గట్టిగా చదివించండి.